తాళం తప్పిన తాళంచెవి

నేను ఒక కారు తాళంచెవిని. ఈ మాట ఇంత వినయంగా చెప్పడం నాకు ఈమధ్యే అలవాటైంది. ఒకప్పుడు ఎవరైనా నన్ను తాళంచెవి అంటే ఒళ్లు మండేది. నేను స్మార్ట్ కీని. నల్లగా, నున్నగా గులకరాయిలా అరచేతిలో ఇమిడిపోతాను. కన్నంలో దూరి మెలికలు తిరిగే బతుకు కాదు నాది. నన్ను నొక్కితే చాలు, అంత దూరాన ఉన్న కారు కళ్లు టపటపలాడించి సలాం కొడుతుంది.

ఒక్క విషయం మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసినవాళ్లు, ఎందుకైనా మంచిదని నా కడుపులో ఒక ఇనుప తాళంచెవిని కూడా దాచారు. పొట్టివాడు, మొద్దు, వంకర పళ్లు. పెద్దింటి కోడలు పుట్టింటి సత్తుగిన్నెను అటకమీద దాచినట్టు వాణ్ణి దాచుకున్నాను.

నా మొదటి యజమాని గుంటూరులో స్థలాలు అమ్మేవాడు. నన్ను జేబులో పెట్టుకున్న పాపాన పోలేదు. హోటల్లో కూర్చోగానే నన్ను బల్లమీద, నలుగురికీ కనపడేటట్టు పెట్టేవాడు. ఆ తర్వాతే కాఫీ చెప్పేవాడు. జనం నన్నే చూస్తున్నారనుకునేవాణ్ణి. వాళ్లు చూసేది కాఫీ ఎప్పుడొస్తుందా అని. కొన్నాళ్లకు ఆయన వ్యాపారం చతికిలబడింది. కారుతోపాటు నేనూ చేతులు మారి పొన్నూరు చేరాను.

కొత్త యజమాని కోటిలింగం. సన్నాయి విద్వాంసుడు. అంతకుముందు తువ్వాలు చుట్టిన సన్నాయిని ఒళ్లో పెట్టుకుని ఆటోల్లో పెళ్లిళ్లకు వెళ్లేవాడట. టీవీ రిమోట్ పట్టుకున్నట్టు చెయ్యి బారచాపి, కారు ముందు నిలబడి, గురిచూసి నన్ను నొక్కేవాడు. ఆయన భార్య భూషణమ్మ నాకు పెట్టిన పేరు వింటే మీరు నవ్వుతారు.

“ఏవండోయ్, చెవి మర్చిపోయారు!”

చెవి! స్మార్టూ లేదు, చివరికి తాళమూ లేదు. వట్టి చెవి.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు సన్నాయి, డోలు, కారు, వాటితోపాటు నేనూ. భూషణమ్మ నన్ను ఇత్తడి పళ్లెంలో కూర్చోబెట్టి, ఒళ్లంతా తడి పసుపు రాసి, సరిగ్గా మీట మీద కుంకుమ బొట్టు పెట్టింది. “అన్నం పెట్టేదానికి బొట్టు లేకపోతే ఎట్టా?” అంటూ కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు నా నెత్తిన చిలకరించింది. నేను పొంగిపోయాను. ఆ పొంగులో ఒంటి అతుకుల్లోంచి నీళ్లూ పసుపూ లోపలికి జారడం గమనించలేదు. పైన పూజ జరుగుతుంటే లోపల నా తద్దినానికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

కార్తీకం వచ్చేసరికి రెండుసార్లు నొక్కితేగాని పలికేవాణ్ణి కాదు. తర్వాత మూడుసార్లు. “మొండికేస్తంది,” అని నన్ను తొడకేసి కొట్టేవాడు కోటిలింగం. ఆ దెబ్బకు పలికేవాణ్ణి.

అలా ఉండగా వీరరాఘవయ్యగారి మనవరాలి పెళ్లి వచ్చింది, బాపట్ల దగ్గర కల్యాణమండపంలో. అక్కడ పెళ్లికి ముందే ఒక యుద్ధం జరిగిపోయింది. మగపెళ్లివారు డీజే కావాలన్నారు. పెద్దాయన సన్నాయి లేనిదే పీటలమీద పిల్లను కూర్చోబెట్టనన్నాడు. పెళ్లికొడుకు మేనమామ గంగాధరం దిగొచ్చాడుగాని, డీజే పెట్టెల లారీని మాత్రం మండపం గోడవారగా నిలబెట్టించాడు.

“మీ మేళం సరిగ్గా అందుకుంటే సరి. లేదంటే స్విచ్చి వేయిస్తా. ఆ తర్వాత మా పెళ్లిళ్లలో సన్నాయి మాట ఎత్తొద్దు,” అన్నాడు, జలుబుతో చీదుకుంటూ.

కోటిలింగానికి అర్థమైంది. ఇప్పటికే చాలా ఊళ్లలో సన్నాయిని డీజే మింగేసింది. ఇవాళ తాళి కట్టే వేళకు గట్టిమేళం మోగకపోతే ఈ చుట్టుపక్కల కూడా మింగేస్తుంది.

అందుకని పొద్దున్నే వచ్చాడు. మండపం పక్కగుమ్మం ముందే కారు ఆపాడు. ఎదుర్కోలు దగ్గర బాగా వాయించాడు. సన్నాయీ డోలూ కారులో భద్రంగా పెట్టి, నన్ను నొక్కి తాళం వేసి, డోలు వాయించే మస్తానుతో కలిసి పెసరట్టు తినడానికి వెళ్లాడు. ఆ తాళం వేయడమే నేను చేసిన చివరి ఘనకార్యం.

తిరిగొచ్చి నొక్కాడు. నేను పలకలేదు. తొడకేసి కొట్టాడు. పలకలేదు.

అక్కణ్ణించి నాకు వైద్యం మొదలైంది. పంచెకేసి రుద్దారు. ఊదారు. చలికి బిగుసుకుందని మస్తాను చంకలో పెట్టుకున్నాడు. ఆ చంకలో నేను అనుభవించింది పగవాడికి కూడా వద్దు. వాచీల కొట్టుకు పరిగెత్తి కొత్త సెల్లు తెచ్చారు. సెల్లు మూత ఒక్కటే ఊడదీసి తిరగేసి పెట్టారు; మొద్దుగాడి అర వాళ్ల కంట పడలేదు. మళ్లీ సరిగ్గా పెట్టారు. ఉలుకూ పలుకూ లేదు. ఫోనులో భూషణమ్మ, “దిష్టి తగిలుంటది, ఉప్పు దిగదుడవండి,” అంది. దిగదుడిచారు. నాలో ఇక పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు, ఉప్పు అన్నీ ఉన్నాయి. అక్షింతలొక్కటే తక్కువ.

లోపల జీలకర్రా బెల్లం పెట్టేశారు. మేళం లేదు. గంగాధరం గుమ్మంలోకి వచ్చి, “ఏవయ్యా విద్వాంసుడా! నీ సన్నాయి మూగనోము పట్టిందా?” అన్నాడు.

“అద్దం పగలగొడదాం అన్నా,” అని మస్తాను రాయి ఎత్తాడు.

“ఆగరా! పెళ్లింట అద్దం పగిలితే అపశకునం. ఆ తర్వాత దేవేంద్రుడి మేళం వాయించినా ఎవడింటాడు?”

ఇంత జరుగుతున్నా నా కడుపులోని మొద్దుగాడు చల్లగా కూర్చునే ఉన్నాడు. ‘వీడున్నాడు, బయటికి లాగండి’ అని చెప్పడానికి నాకు నోరేది? పేరులో ఉన్నది చెవి మాత్రమే. చెవి వింటుందిగాని చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నోరున్నా చెప్పేవాణ్ణో లేదో. వాడివల్ల గట్టెక్కడం కంటే చావడమే మేలనిపించేంత గీర నాది.

“గట్టిమేళం! గట్టిమేళం!” లోపల పురోహితుడి కేక.

పెళ్లికొడుకు తాళి పట్టుకుని లేచాడు. గంగాధరం లారీవైపు చెయ్యి ఎత్తాడు. కోటిలింగం కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా కొంప ముంచావు గదే!” అని నన్ను ఎత్తి మండపం మెట్టుకేసి విసిరికొట్టాడు.

నా వీపు పగిలింది. మొద్దుగాడు టింగుమని ఎగిరి గడప దగ్గర పడ్డాడు.

“అన్నా!” మస్తాను కేకేశాడు. “దీని కడుపులో ఇంకో చెవి ఉందన్నా!”

వాణ్ణి తీసుకెళ్లి తలుపు కన్నంలో దూర్చి తిప్పాడు. మొద్దుగాడు మెలికలు తిరిగాడు. తలుపు తెరుచుకుంది.

ఇక్కడ మా కారు సంగతి చెప్పాలి. అది మహా విశ్వాసం గల కుక్కలాంటిది. నేను వేసిన తాళాన్ని ఇంకెవడో ఇనుప ముక్కతో తీసేసరికి, దొంగలు పడ్డారనుకుంది. గుండెలు బాదుకుని అరవడం మొదలెట్టింది. పాం! పాం! పాం! పాం! లైట్లన్నీ వెలుగుతూ ఆరుతూ, మండపం దద్దరిల్లిపోయింది.

సరిగ్గా అప్పుడే మూడుముళ్లు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే గంగాధరం ముఖం చిట్లించి, నోరు తెరిచి, భూమి అదిరేలా తుమ్మాడు. తాళి కట్టే వేళ తుమ్ము వినపడకూడదనే గదా మన పెద్దలు గట్టిమేళం పెట్టింది! మెట్టు మీద పడున్న నేను ఆ తుమ్ము చూశాను. ఎవరూ వినలేదు.

కోటిలింగం కారులోంచి సన్నాయి అందుకున్నాడు. మరుక్షణం కళ్లు మూసుకుని చెవి ఒగ్గాడు.

“శ్రుతి నిలకడగా ఉందిరా మస్తానూ! తాళం పట్టు! హారన్ని వదలొద్దు!”

మస్తాను డోలు మెడకేసుకుని, ఒక్కో ‘పాం’కూ మధ్య దరువు పరిచాడు. ఆ దరువుమీద కోటిలింగం సన్నాయి ఎక్కి కూర్చుంది. పెళ్లిపందిరి లేచి నిలబడింది. డీజే కుర్రాడు లారీ దిగొచ్చి, “ఇదేం ట్రాకు అన్నా?” అని అడిగాడు. మూడుముళ్లూ పడి అక్షింతలు రాలేదాకా కారు అరుస్తూనే ఉంది. తర్వాత తనంతట తానే అలిసిపోయి ఆగింది.

వీరరాఘవయ్యగారు కోటిలింగం భుజమ్మీద చెయ్యేశారు. “మా పెళ్లికి మీ నాన్న వాయించాడ్రా. అప్పుడు కూడా ఇంత గట్టిమేళం వినలేదు.”

గంగాధరం ముక్కు తుడుచుకుంటూ వెనకే వచ్చాడు. తన తుమ్ము సంగతి తనకు తెలుసు. “మాఘంలో మా చిన్నోడి పెళ్లి. నువ్వే రావాలి. ఆ కారు కూడా తీసుకురావయ్యా,” అన్నాడు.

పొన్నూరులో మెకానిక్ జాన్‌బాబు నన్ను విప్పి చూశాడు. సెల్లు తగిలేచోట పచ్చగా గట్టిపడిన పెచ్చు. గోటితో గీకి వాసన చూశాడు. “దీనికి జబ్బు కాదు లింగంగారూ, భక్తి ఎక్కువై పోయింది. అయినా సెల్లు పనిచెయ్యకపోయినా దీన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే ఇంజను లేచేది, హారనూ ఆగేది గదా?”

“ఆపితే ఇంకేముందయ్యా!” అన్నాడు కోటిలింగం.

నా స్థానంలోకి కొత్తవాడొచ్చాడు. మొద్దుగాడికి కోటిలింగం మొలతాడులో చోటిచ్చాడు. ఏ పెళ్లికి వెళ్లినా వాడు ఉండాల్సిందే. నన్ను పారెయ్యడానికి భూషణమ్మకు మనసొప్పలేదు. దేవుడి గదిలో మేకుకు తగిలించింది. ఏ బొట్టు నన్ను చంపిందో ఆ బొట్టే ఇప్పుడు నాకు రోజూ పెడుతోంది. బతికుండగా తాళం సరిగ్గా తియ్యలేనివాణ్ణి, చచ్చాక తాళానికి పనికొచ్చి దేవుణ్ణయ్యాను.

నా పక్క మేకుకే రాత్రిళ్లు కొత్తవాణ్ణి తగిలిస్తారు. నల్లగా, నున్నగా ఉంటాడు. నిన్న నావైపు అదోలా చూసి, “నేను తాళంచెవిని కాదు, స్మార్ట్ కీని,” అన్నాడు. షాపువాడు తొడిగిన ప్లాస్టిక్ కవరును భూషణమ్మ పొద్దున్నే ఊడదీసింది. “బొట్టు కవరుకు పెడితే పుణ్యం ఎవరికి?” అని గొణుక్కుంది.

నాలో నేనే నవ్వుకున్నాను. వంటింట్లో పసుపు తడుపుతున్న గిన్నె చప్పుడు వినపడుతోంది. ఇవాళ దసరా.