ఎత్తుకోని కూతురు

అప్పటికి నా కూతురికి ఏడు నెలలు. అందులో అయిదు నెలలుగా నేను దాన్ని ఎత్తుకోలేదు. చేతులకి జబ్బేం లేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కటింగ్ షాపులో పాతికమంది తలలు పట్టుకునే చేతులే ఇవి.

ఓ రోజు ఎవరికో గడ్డం గీసి కత్తి కడుగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇదే చేత్తో పాపను ఏమైనా చేస్తే? ఛీ, పాడు, అనుకున్నాను. తరిమినకొద్దీ ఈగలా మళ్ళీ అక్కడే వాలింది. ఆ రోజు నుంచి పాప గదిలో ఉంటే నేను గుమ్మం బయటే. "అసలు తండ్రివేనా నువ్వు?" అంది మా ఆవిడ. "నడుము నొప్పి" అన్నాను. అయిదు నెలల నడుము నొప్పి! వాళ్ళిద్దరూ స్నానాల గదిలో ఉన్నప్పుడు పాప విడిచిన చొక్కా తీసి వాసన చూసుకునేవాణ్ని. పాల వాసన. ప్రాణం ఉసూరుమనేది.

షాపుకొచ్చే లెక్కల మాస్టారు పట్టేశాడు. "కత్తి మానేసి చెంపల దగ్గర కూడా మిషనే పెడుతున్నావేంటోయ్?"

"కళ్ళు సరిగ్గా ఆనట్లేదండీ."

ఆయన అద్దంలోంచి నన్నోసారి చూసి, తన మరదలి సంగతి ఎత్తాడు. గ్యాస్ కట్టేశానా లేదా అని రోజుకి నలభైసార్లు చూసుకునేదట. సీబీటీ అని ఒక వైద్యం ఉందట. మాత్రలు కాదు, కూర్చుని మాట్లాడుతూ, భయపడే పనినే కొంచెం కొంచెంగా చేయిస్తారట. "ఇప్పుడు తాళం వేసి హాయిగా సినిమాకి పోతోంది" అన్నాడు. నేను ఊఁ కొట్టాను.

వెళ్ళాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నాను. మింగలేను, కక్కలేను. నోరు విప్పితే పోలీసులకి పట్టిస్తారేమో. పాపను నా నుంచి తీసుకుపోతారేమో. ఇంతలో ఓ ఆదివారం అది పాకుతూ గుమ్మం దాకా వచ్చి నా కాలు పట్టుకోబోయింది. వెనక్కి గెంతాను. సొంత బిడ్డను చూసి! దాని మొహం చిన్నబోయింది. ఇక ఆగలేక ఫోన్ తీసి, ఆ వైద్యం చేసేవాళ్ళ నంబర్లు వెతికాను.

మొదటి నంబరాయన రెండు నెలలు ఆగమన్నాడు. రెండో ఆయన సగం వినకుండానే "అలాంటివి ఆలోచించకండి, అంతే" అన్నాడు. ఓహో, నాకు తట్టనే లేదు సుమా! పెట్టేశాను. మూడో నంబరు ఒక మేడమ్‌ది. "సీబీటీ చేస్తారా? ఇలాంటి పాడు ఆలోచనలతో వచ్చేవాళ్ళని ఇంతకుముందు చూశారా?" అని అడిగాను.

"చాలామందిని. గురువారం రండి" అంది.

వెళ్ళి ఏం చేశాననుకున్నారు? ఎదుటివాళ్ళని మాట్లాడించడం ఇరవై ఏళ్ళ అలవాటాయె. "మీదే ఊరండీ? పిల్లలెంతమంది? జుట్టు ఎవరు కత్తిరించారు, వెనక ఎగుడుదిగుడుగా ఉందే?" అంటూ పావుగంట ఆవిణ్ని ఊదరగొట్టాను. ఆవిడ నవ్వేసింది. "ఈ షాపులో కుర్చీలో కూర్చునేది మీరండీ. ఇక మీరు చెప్పండి."

చెప్పాను. ఆవిడ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఓపిగ్గా ఏవేవో అడిగి, "ఇలాంటివి చాలామంది తల్లిదండ్రులకి వస్తాయి, పోతాయి. మీరు హడలిపోయి పారిపోతున్నారు, అందుకే వెంటపడుతున్నాయి" అంది. ఇంత మనిషిని, భోరుమన్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకీ చెప్పేశాను. తిట్టింది, ఇన్నాళ్ళు దాచినందుకు.

ఆ తర్వాత మెట్టు మెట్టుగా సాగింది. ముందు పాప ఉన్న గదిలో కూర్చోవడం. తర్వాత దాని పక్కనే. తర్వాత మేజోళ్ళు తొడగడం. ఆలోచన వచ్చేది. రానీ అనుకుని లేవకుండా కూర్చునేవాణ్ని. ఆరో గురువారం దాటాక, శనివారం పొద్దున మా ఆవిడ పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

ఎంత బరువో! నాకు గుర్తున్న పాప కాదు. కొత్తమనిషిని చూసినట్టు నా మొహంలోకి చూసింది. పెదవి విరిచింది. కెవ్వుమని వాళ్ళమ్మ వైపు చేతులు చాచింది.

"ఇలా ఇచ్చెయ్, దానికి నువ్వు కొత్త" అంది మా ఆవిడ.

"ఇవ్వను" అన్నాను. "ఏడవనీ. నేనే ఊరుకోబెడతాను."