హల్వార్ గీసిన అంచు

ప్రొఫెసర్ హల్వార్‌కు ముప్పయ్యేళ్లుగా ఒక గీతంటే ప్రాణం. ఒకప్పుడు నార్వే, గ్రీన్లాండ్ కలిసి ఒకటే నేల. లాగిన పిండిముద్దలా సాగి సాగి, పలచబడి, చివరికి తెగింది. నడుమ సముద్రం చేరింది. ఆ నీళ్ల కింద ఖండం ఎక్కడ ముగుస్తుందో, అసలైన సముద్రపు నేల ఎక్కడ మొదలవుతుందో, లోఫోటెన్ దీవులకు పడమట ఆయన పటం మీద గీశాడు. పాఠ్యపుస్తకాలన్నీ ఆ గీతనే అచ్చేసుకున్నాయి. కాదన్నవాళ్లతో ఆయన మాటలు మానేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి!

నాలుగో కాలు చూపిస్తానని ఓడెక్కింది సున్నివ. పరాయిదేం కాదు, సొంత శిష్యురాలే. ఆయనా అదే ఓడలో ఉన్నాడు. గీత దాటాక కూడా ఖండమే ఉందని ఆ పిల్ల వాదన. ఓడ వెనక గాలి తుపాకులు పేలిస్తే ఆ మోత నేలలోకి దిగి, లోపలి పొరలను తాకి తిరిగొస్తుంది. దాన్ని వినడానికి సముద్రం అడుగున పరికరాలు దించారు. పైనుంచి ఒక శబ్దం పంపి పిలిస్తే అవి బరువు వదిలేసి తేలాలి. అన్నీ తేలాయి, గీతకు ఆవల ఉన్నదొక్కటి తప్ప. సున్నివ థీసిస్ అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పొద్దుటినుంచీ సున్నివ దాన్ని పిలుస్తూనే ఉంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అది కూడా మీ గురువుగారి దగ్గరే చదువుకుందేమోనమ్మా, ఎవరు పిలిచినా పలకదు," అన్నాడు కెప్టెన్ రైదార్.

"నవ్వించకండి రైదార్ గారూ, నాకు ఏడుపొస్తోంది."

"గాలి లేస్తోంది తల్లీ. మధ్యాహ్నానికి ఓడ తిప్పెయ్యాలి."

"పోతే పోనీలే అమ్మాయ్, సముద్రమన్నాక ఒకటో రెండో మింగుతుంది," అని ఓదార్చాడు హల్వార్. గొంతులో జాలి ఉంది. కడుపులో మాత్రం చల్లగా ఉంది. ఆ చల్లదనం ఎందుకో తెలిసి ఆయనకే సిగ్గేసింది.

గోధుమరంగు జున్ను వేసిన వాఫిల్ అట్టు ఒకటి పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. అక్కడ తెర మీద సముద్రపు అడుగు పటం చక్కగా గీసుకుంటూ పోతోంది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయనకు. పరికరాలను పిలిచేటప్పుడు లోతు కొలిచే సౌండర్ ఆపాలన్నది ఏ ఓడలోనైనా మొదటి నియమం. లేకపోతే దాని టిక్కుటిక్కులే తప్ప అడుగున ఉన్నదానికి పిలుపు వినిపించదు. పొద్దున్న మిగతావన్నీ తేలాక గీత మీదుగా పోతుంటే, ఒక్కసారి చూసుకుందామని దాన్ని పెట్టింది తనే. ఆపడం మరిచిందీ తనే.

నోరు మూసుకుంటే చాలు. ఓడ వెళ్లిపోతుంది. గీత ఉంటుంది. వాఫిల్ నమిలాడు.

"ఇంకొక్కసారి, ఒక్కసారే," అంటోంది బయట సున్నివ.

ఛీ, ఏం బతుకిది, అనుకుని హల్వార్ సౌండర్ ఆపేశాడు. బయటికొచ్చి అందరి ముందూ చెప్పాడు. "పిలుపు అందకపోవడం నా వల్లే. సౌండర్ నేనే పెట్టి వదిలేశాను."

"అబ్బో! ఆ గీత మొహం చూడందే పొద్దు గడవదా నీకు? ముప్పయ్యేళ్ల కాపురం కదా!" అన్నాడు రైదార్.

అందరూ నవ్వారు, సున్నివ తప్ప. "అది ఆపలేదని ఎప్పుడు చూసుకున్నారు మీరు?"

"ఇప్పుడే... కాదు, కాస్త ముందు."

"మీసానికి జున్నంటుకుంది. ఎంత ముందో తెలుస్తోంది లెండి."

ఆయన మీసం తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి మళ్లీ పిలిచింది. ఈసారి అడుగునుంచి బదులొచ్చింది. కాసేపటికి అలల మధ్య నారింజరంగు బుర్ర ఒకటి పైకి లేచింది. సున్నివ ఎగిరి గంతేసి, కోపం మరిచిపోయి ఆయన్నే కావలించుకుంది.

ట్రోమ్సో రేవు చేరకముందే రికార్డు విప్పారు. సముద్రపు నేలైతే పలచగా ఉండాలి. ఇక్కడ దానికి మూడింతల మందం ఉంది. ఖండమే, సందేహం లేదు.

"అంటే... గీత కొంచెం అటు జరపాలేమో," అని నసిగింది సున్నివ.

"కొంచెమేంటే? నలభై కిలోమీటర్లు తప్పాను. గట్టిగా చెప్పు!"

ఆయన బల్ల మీద పటం పరిచి పెన్సిల్ తీశాడు. కాగితం దాకా వెళ్లిన చెయ్యి పాత గీత దగ్గరే ఆగిపోయింది. చివరికి పెన్సిల్ ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే గియ్యి. నా చెయ్యి పాత చోటికే పోతోంది."

సున్నివ వంగి గీయడం మొదలుపెట్టింది. ఓడ ఊగుతుంటే గీత వంకరపోకుండా హల్వార్ రెండు చేతులతో పటాన్ని అదిమి పట్టుకున్నాడు.