ఏడు కాపీలు

తీగ లేని వస్తువుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. తీగ ఉంటే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటికి కనబడుతుంది. మా అబ్బాయి ప్రవీణ్ మాత్రం తీగ లేని ప్రింటరే కావాలని ఏరికోరి కొనుక్కొచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాడు. తెల్లటి పెట్టె, ముందు ఒక నీలం దీపం. ఆ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే నన్ను చూసి కన్ను కొడుతున్నట్టుండేది. ఆర్నెల్లపాటు నేను దాని జోలికి పోలేదు.

ఆ ఆదివారం దానితో పని పడింది. సాయంత్రం ఐదింటికి తెలుగు సంఘం కమిటీ మీటింగు. అందులో తేలేది నా బతుకే.

కొంచెం చెప్పాలి. నేను బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు లీవు సెక్షన్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. అక్కడ నాకు గోవిందరావు అనే పేరుందని ఎవరికీ గుర్తుండేది కాదు. 'లీవ్ వాలే బాబూ' అని కేకేసేవారు. కానీ ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం పదింటికి సంఘం హాల్లో పిల్లలకి తెలుగు రాయడం, చదవడం చెబుతున్నాను. దానివల్ల ఈ ఊరి తెలుగువాళ్లందరికీ నేను మాస్టారిని. బజార్లో కూరగాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి 'నమస్తే మాస్టారూ' అని వినబడితే, ఆ పూట వంకాయలు పుచ్చులున్నా నాకు పట్టదు. ఆ క్లాసు పోతే నేను మళ్లీ లీవు బాబుని. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా.

క్లాసులో పిల్లలు ముగ్గురే మిగిలారు. ఇందులో నా తప్పేమీ లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు 'అమ్మా, నాకు భూక్ వేస్తోంది' అంటారు. అది విని తల్లులు మురిసిపోతారు. గుణింతం రాయరా అంటే ఒకడు కడుపునొప్పి అన్నాడు, ఒకడు ట్యూషన్ అన్నాడు, ఒకడు ఏ కారణమూ చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. అబద్ధం ఆడనందుకు ఆ మూడోవాణ్ణి చూస్తేనే నాకు కాస్త గౌరవం.

ఇక హరిప్రియ. రాజ్‌కిశోర్ నగర్‌లో మా గోడకి అవతలి ఇల్లు. భర్త టికెట్ కలెక్టరు. పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లలో, చదివింది హిందీ మీడియం. పోయిన వేసవిలో వాళ్ల వరండాలో పిల్లల్ని పోగేసి, ఫోన్లో పాటలు పెట్టి, కథలు చెప్పి, గెంతించి, దానికి తెలుగు క్లాసని పేరు పెట్టింది. పంతొమ్మిది మంది వచ్చారు. ఎందుకు రారు? బిస్కెట్లు పంచితే నలభై మంది వస్తారు. దానికే సంఘం అధ్యక్షుడు తిరుమలరావు పొంగిపోయి, "ఈ ఏడాదికి క్లాసు ఆ అమ్మాయికి ఇచ్చి చూద్దాం మాస్టారూ" అన్నాడు. ఆవిడకి చదవడమే సరిగ్గా రాదు మహాప్రభో! నాలుగు నెలల కిందట శుభలేఖ ఒకటి పట్టుకొచ్చి, ముహూర్తం ఎన్నింటికో నాతో చదివించుకుని వెళ్లింది. అదే చెప్పాను తిరుమలరావుకి. అతను ఎవర్నీ నొప్పించని రకం, అంటే దేనికీ పనికిరాని రకం. "మీ అభ్యంతరం రాసివ్వండి. కమిటీలో ఐదుగురం ఉన్నాం, ఐదు కాపీలు తెండి" అని తప్పుకున్నాడు.

రాశాను. మూడు రోజులు కూర్చుని ఒంటివేలితో ఫోన్లో టైపు చేశాను. ఒక పేజీ నిండింది. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. 'సదరు హరిప్రియకు తెలుగు మాట్లాడుట సగము వచ్చును, చదువుట అదియును రాదు. ఈమె పాటలు పాడి, ఫోను చూపి పిల్లలను పోగుచేయగలదు గాని ఒక్క అక్షరము చెప్పలేదు. ఈమె అన్ని విధములా అనర్హురాలు.' లీవు అర్జీలు తిరగ్గొట్టిన చెయ్యి కదా, దెబ్బ ఎక్కడ వెయ్యాలో దానికి తెలుసు.

ఆ రోజు క్లాసుకి ఒక్కడే వచ్చాడు. వాణ్ణి త్వరగా పంపేసి పదకొండింటికి ఇంటికొచ్చి ప్రింటర్ ముందు కూర్చున్నాను. ప్రవీణ్ సీపత్ పవర్ ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేశాను. ఆ ఫోన్లోనే మాట్లాడాలి, ఆ ఫోన్లోనే చూడాలి. చెవి దగ్గర పెడితే కనబడదు, కళ్ల దగ్గర పెడితే వినబడదు. స్పీకర్ నొక్కమని వంటింట్లోంచి మా ఆవిడ కనకమహాలక్ష్మి చెప్పాల్సి వచ్చింది.

"నాన్నా, మీరు సిమ్ డేటా మీదున్నారు. పహలే వైఫై ఆన్ చెయ్యండి. ఫోనూ ప్రింటరూ ఒకే వైఫై మీదుంటేనే కనబడతాది."

"ఎదురుగానే ఉంది కదరా. చేత్తో ముట్టుకుంటున్నాను. కనబడకపోడమేటి?"

"మీకు కాదు నాన్నా, ఫోన్‌కి కనబడాలి."

అరవై ఎనిమిదేళ్లు వచ్చాక ఫోన్ కళ్లతో చూడ్డం నేర్చుకోవాలన్నమాట. సరే, వైఫై ఆన్ చేశాను.

"ఇప్పుడు మీ ఉత్తరం తెరిచి, పైన మూడు చుక్కలుంటాయి, అవి నొక్కండి. ప్రింట్ అని వస్తాది. అది నొక్కితే ప్రింటర్ పేరు చూపిస్తాది. సెలెక్ట్ చెయ్యండి, బస్. నేను రౌండ్‌కి వెళ్లాలి నాన్నా." పెట్టేశాడు. ఇంజనీరుగారు కన్నతండ్రికి కేటాయించిన సమయం అంతే.

మూడు చుక్కలు నొక్కాను. ప్రింట్ నొక్కాను. ప్రింటర్ పేరు వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఒకే పేరు రెండుసార్లు, ఒకదాని కింద ఒకటి, చివరి అంకెలు మాత్రమే తేడా. ఫోన్‌కి బుద్ధి మందగించి ఒకే పేరు రెండుసార్లు రాసిందనుకుని పైదాన్ని నొక్కాను. ఏదో గుండ్రంగా తిరిగి, ప్రింటయిపోయిందని ఫోన్ చెప్పింది.

పెట్టె కదల్లేదు. మళ్లీ నొక్కాను. అయిపోయిందని మళ్లీ చెప్పింది. పెట్టె నీలం దీపంతో కన్ను కొట్టింది. మూత తెరిచి చూశాను. కాగితాలు తీసి, దులిపి, మళ్లీ పెట్టాను. స్విచ్చి ఆపి వేశాను. నొక్కాను. ఫోన్ ఏమాత్రం తొణక్కుండా అయిపోయిందంది. నా సర్వీసులో దొంగ మెడికల్ సర్టిఫికెట్లు ఎన్నో చూశాను గానీ ఇంత నిబ్బరంగా అబద్ధం చెప్పినవాణ్ణి చూడలేదు. ఏడుసార్లు నొక్కాను. ఏడోసారి పెట్టె నెత్తిన ఒకటిచ్చాను కూడా.

"ఏటండీ అది? అలా కొడితే ఏటొస్తాది దాన్నుంచి? పిల్లాడొచ్చాక చూస్తాడు కదా," అంది మా ఆవిడ.

పిల్లాడొచ్చేసరికి మీటింగు అయిపోతుంది. కసి కొద్దీ ఈసారి కింది పేరు నొక్కాను. పెట్టె ఉలిక్కిపడి, గరగరమని కాగితం కక్కింది. నల్లటి అక్షరాలు, సుబ్బరంగా! వరసగా ఐదు తీశాను. ఆ ఏడూ ఏమయ్యాయన్న ఆలోచనే నాకు రాలేదు. గాల్లో పంపినవి గాల్లోనే పోయి ఉంటాయనుకున్నాను. ఐదు కాపీలూ ఫైల్లో పెట్టి, తృప్తిగా భోంచేసి, పడుకున్నాను.

మూడింటికి బెల్లు మోగింది. గుమ్మంలో హరిప్రియ, చేతిలో కాగితాల బొత్తి.

"మాస్టారూ, పొద్దున మా ప్రింటర్ అప్నే ఆప్, దానంతటదే చాలూ అయిపోయింది. ఏడు కాగితాలొచ్చాయి, అన్నీ సేమ్. తెలుగులో ఉన్నాయి. ఏటో ఇంపార్టెంట్ అనుకుంటా. కొంచెం చదివి చెప్తారా?"

పై కాగితం చూశాను. నా అభ్యంతరం కాగితమే. అప్పుడు గుర్తొచ్చింది. ప్రవీణ్ మాటమీద వాళ్లూ ఇదే రకం ప్రింటరు కొన్నారు. మా వైఫైనే గోడకి అవతల వాళ్లూ వాడుకుంటారు. పైనున్న పేరు వాళ్లది.

ఇవి నావే అని లాక్కుని తలుపు వేసుకుంటే సరిపోయేది. కానీ ఏం రాశారని అడుగుతుంది కదా. పైగా, నిజం చెప్పొద్దూ, ఆవిడంటే నాకున్న చులకనే నాకు ధైర్యం ఇచ్చింది. శుభలేఖ చదవలేని మనిషికి ఏం చదివి వినిపిస్తే ఏం?

కూర్చోమన్నాను. కళ్లజోడు పెట్టుకున్నాను. "గౌరవనీయులైన అధ్యక్షులవారికి," అని మొదలుపెట్టాను. అంతవరకూ ఇబ్బంది లేదు. "సదరు హరిప్రియకు..." దగ్గర ఆగి కళ్లజోడు సర్దుకున్నాను. "...సదరు హరిప్రియకు తెలుగంటే ఎంతో ప్రేమ. వేసవిలో పంతొమ్మిది మంది పిల్లలను ఒకచోట చేర్చినది."

అక్కణ్ణుంచి దారి దొరికింది. చూపు కాగితం మీద ఎడమనుంచి కుడికి నడిపిస్తూ, పేరాకి పేరా సరిపోయేలా అల్లుకుంటూ పోయాను. ఓపిక గల మనిషి అన్నాను. పిల్లలకి మాట మీద మమకారం పుట్టించిందన్నాను. 'అనర్హురాలు' అన్నచోట కళ్లు ఆన్చి, 'ఈ బాధ్యతకు అన్ని విధములా తగినది' అని గంభీరంగా ముగించాను. లేని ఉత్తరం ఇంత ధారాళంగా చదవగలనని నాకే తెలియదు. లోపల కాస్త గర్వం కూడా కలిగింది, సిగ్గులేనితనం కాకపోతే.

ఆవిడ కాగితం వంక చూడలేదు. చదివినంతసేపూ నా మొహమే చూసింది.

"కింద పేరెవరిది మాస్టారూ?"

"నాదే."

"అచ్ఛా," అంది. బొత్తిలోంచి అడుగున ఉన్న కాగితం తీసింది. దాని మీద పెన్సిల్ గీతలు. ప్రతి మాటనీ ముక్కలు ముక్కలుగా విడగొట్టి గీసుకుంది. కాగితం టీపాయ్ మీద పరిచి, వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టింది.

"స-ద-రు... హరి-ప్రియ-కు... తెలుగు... మాట్లా-డుట... సగము... వచ్చును. చదువుట... అది-యును... రాదు."

ఒక్కో మాట దగ్గర ఆగింది. ఒత్తు దగ్గర తడబడితే వెనక్కి వచ్చి మళ్లీ అంది. ఒక్క అక్షరం దాటెయ్యలేదు. పేజీ చివరిదాకా విన్నాను. నేను రాసిన ప్రతి మాటా ఆవిడ గొంతులోంచి నిదానంగా వచ్చి నాకు తగిలింది.

"ఇదొక్కటే అర్థం కాలేదండి," అంది వేలు అక్కడే ఉంచి. "అనర్హురాలు అంటే ఏటి?"

"తగని మనిషి అని," అన్నాను. నేలకేసి చూస్తూ.

ఆవిడ తల ఊపింది. కోపం లేదు ఆ మొహంలో. ఉన్నా బాగుండేది.

"శుభలేఖ అప్పుడు నిజంగానే చదవడం రాలేదు మాస్టారూ. సిగ్గేసింది. అప్పట్నించీ రోజూ కూర్చుని నేర్చుకుంటున్నాను. ఇది చదవడానికి గంట పట్టింది. మీరు రాసిందాంట్లో చాలావరకూ సచ్, నిజమే. మీరు ఉన్నది ఉన్నట్టు చదివేస్తే, మీటింగ్‌లో నా పేరు వాపస్ తీసుకుందామనే వచ్చాను. క్లాస్ మీదే ఉంటాది, నేనూ పిల్లల్తో కూర్చుని మీ దగ్గర నేర్చుకుందామనుకున్నాను." లేచి నిలబడింది. "ఇప్పుడు తీసుకోను."

పెన్సిల్ గీతల కాగితం మడిచి పట్టుకుని, మిగిలిన ఆరూ టీపాయ్ మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆర్నెల్లుగా ఆ పెట్టెని, ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని, వాళ్ల తల్లుల్ని, తిరుమలరావుని, ఈ ఊరందర్నీ తక్కువగా చూశాను. నా గురించి అలా అనుకోవడం ఇదే మొదలు. ఇంత నీచంగా ఉంటుందని తెలియదు. తిరుమలరావుకి ఫోన్ చేసి, నాకు అభ్యంతరం ఏమీ లేదని, క్లాసు హరిప్రియకే ఇచ్చెయ్యమని చెప్పాను. కారణం అడిగాడు. ఒంట్లో బాగోలేదన్నాను.

వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో టీ గ్లాసు. ఎంతసేపటినుంచి ఉందో.

"విన్నావేటి?" అన్నాను.

"రెండూ విన్నాను." గ్లాసు నా ముందు పెట్టింది. "ఆ పిల్లే బాగా చదివిందండి."