సీమకుక్క గురక

చెల్లెలి మొగుడు భక్తవత్సలాన్ని తాయారు ఏనాడూ మనిషిగా లెక్కపెట్టలేదు. చూలై పేటలో ఇత్తడి కొళాయిలు పోతపోసే చిన్న కార్ఖానా అతనిది. పని తెలిసినవాడే. కానీ తెల్లదొరలు మద్రాసు విడిచి వెళ్ళిపోతుంటే వాళ్ళు వదిలిన వస్తువులన్నీ ఒక్కొక్కటిగా ఇంట్లోకి చేర్చడం మొదలుపెట్టాడు. కాలు విరిగిన సోఫా, ఎవరి తలకూ పట్టని టోపీ, సగం మీటలు పలకని పియానో. ఏది వచ్చినా వీధివాళ్ళను పిలిచి చూపించేవాడు. తాయారు కార్పొరేషన్ బడిలో తెలుగు పంతులమ్మ. అదే ఇంటి వెనకవాటాలో ఒక్కతే ఉండేది. ఆ వేడుకలకు ఆమె ఒక్కసారైనా తన గడప దాటి రాలేదు.

చివరికి ఒక కుక్కను తెచ్చాడు. హార్బరులో ఉద్యోగం చేసి సీమకు తిరిగిపోతున్న దొర వదిలేసిన బుల్‌డాగు. పేరు డ్యూక్. ముక్కు మొహంలోకి నొక్కుకుపోయి, పెదవులు వేలాడుతూ, కూర్చున్నా నిలుచున్నా గుర్రుగుర్రుమంటూ ఉండేది. ఆ గురకే దాని రాజసమని భక్తవత్సలం అందరికీ చెప్పేవాడు. నాటుకుక్కలు మొరుగుతాయట, దొరల కుక్కలు ఇట్లా గంభీరంగా ఉంటాయట. వినేవాళ్ళు తలలూపేవారు. వాళ్ళ మీదా తాయారుకు జాలి లేదు.

కుక్క మీద మాత్రం ఆమెకు వట్టి చులకన కాదు, అసహ్యమే ఉండేది. కారణం ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పటినుంచీ ఆమెకు ఉబ్బసం. పొగ తగిలినా, చలిగాలి తగిలినా ఛాతీ బిగుసుకుపోయి పిల్లికూతలు లేచేవి. గోడ అవతలినుంచి డ్యూక్ గురక వినిపిస్తే తన ఊపిరే తనను వెక్కిరిస్తున్నట్టుండేది. రెండు వాటాల్లోనూ ఒకటే సంగీతమని పక్కింటి లూర్దుమేరి ఒకసారి నవ్వింది. ఆ తర్వాత చాలాకాలం తాయారు ఆమె మొహం చూడలేదు. ఇంట్లోవాళ్ళకు ఆ ఉబ్బసం పాతబడిపోయింది. భక్తవత్సలం అయితే అది వదిన నాటకమని ఆమెకు వినబడేట్టే అనేవాడు.

ఎండలు ముదిరాయి. గురక మారిందని ముందు గుర్తుపట్టింది తాయారే. గొంతులో గరగర తగ్గి, గాలి లోపలికి లాగేటప్పుడు సన్నటి ఈల మొదలైంది. తిన్నది దగ్గి కక్కేస్తున్నది. కుక్క పడుకోవడం మానేసింది. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి, కూర్చునే ఉండేది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోయేవి. ఆ కూర్చోవడం తాయారుకు బాగా తెలుసు. జబ్బు ఎక్కువైనప్పుడు తానూ మంచంపట్టె రెండు చేతులా పట్టుకుని అట్లాగే కూర్చుంటుంది.

దాన్ని వేపేరి పశువుల ఆసుపత్రిలో చూపించమని చెల్లెలు కనకవల్లికి చెప్పింది. కనకవల్లి మొగుడికి చెప్పింది. అతను పెరట్లోకి వచ్చి మరీ జవాబిచ్చాడు.

"సీమకుక్కలు ఇట్లానే ఊపిరి పీలుస్తాయి వదినా. అఆలు నేర్పేవాళ్ళకు అదెట్లా తెలుస్తాది?"

బలం చాలడం లేదని దానికి మాంసం ఎక్కువ చేశాడు. తన కార్ఖానాలోనే తోలుపట్టాకు ఇత్తడి పువ్వులు కొట్టించి, ఊడిపోకుండా మెడకు బిగించి రివిట్లు వేయించాడు.

వీధి చివర కొత్తగా కట్టిన, పేపర్లు చదువుకునే గదిని తెరవడానికి కౌన్సిలరు వస్తున్నాడని పందిరి వేశారు. పొద్దున రావలసిన పెద్దమనిషి ఎండ నడినెత్తికి వచ్చాక దిగాడు. అప్పటిదాకా భక్తవత్సలం డ్యూక్‌కు జరీ దుప్పటి కప్పి, వచ్చేపోయేవాళ్ళకు చూపిస్తూ ఎండలో తిప్పుతూనే ఉన్నాడు. ప్రార్థన పాడవలసిన ఆడపిల్లలతో తాయారు పందిట్లో ఉంది. చూసి మొహం తిప్పుకుంది.

కౌన్సిలరు కత్తెర అందుకున్న సమయానికి కుక్క వెనకకాళ్ళు మడుచుకుపోయి పక్కకు ఒరిగింది. నోరు తెరుచుకుంది. నాలుక నేరేడుపండు రంగుకు తిరిగింది. గురక నిలిచిపోయింది. భక్తవత్సలం అందరివైపూ చూసి నవ్వి, అలసి నిద్రపోతున్నదని చెప్పాడు.

నిద్ర కాదని తెలిశాక జనం వైద్యం మొదలుపెట్టారు. ఒకడు ఉల్లిపాయ తెమ్మన్నాడు. ఇంకొకడు ఇనుప తాళంచెవి చేతిలో పెట్టమన్నాడు. కుక్కకు చెయ్యి ఎక్కడుందో అతనే చెప్పాలి. మూడోవాడు గోలీసోడా కొట్టి నోట్లో పోయబోయాడు. తాయారు వచ్చి ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"ఊపిరాడని దాని నోట్లో పోస్తే నేరుగా రొమ్ములోకి పోతాది. తొలగండి. గాలి రానీండి."

దుప్పటి లాగి పారేసింది. పట్టా తీయమంది. కార్ఖానాకు పోయి రివిట్లు కోయించాలని భక్తవత్సలం గొణిగాడు. ఆమె అతనితో మాట్లాడడం అనవసరమనుకుని కౌన్సిలరు చేతిలోని దర్జీకత్తెర లాక్కుని పట్టాను పరపరా కోసేసింది. లోపల మెడ మీద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

కుక్కను నీడలోకి, వీధికొళాయి దగ్గరికి ఈడ్పించింది. మెడ తిన్నగా చాపి, నాలుక ముందుకు లాగి పక్కకు వేసింది. పొట్టమీదా, తొడల సందుల్లోనూ, పాదాలమీదా నీళ్ళు పోయించి, ఆడపిల్లలచేత విసనకర్రలతో విసిరించింది. కనకవల్లి నిలబడి ఏడుస్తుంటే, ఏడిస్తే దానికి గాలి రాదు, పోయి రిక్షా పిలువమంది. కాసేపటికి డొక్క ఒకసారి లేచింది. మళ్ళీ లేచింది. ఈల వినిపించింది. అంత వికారమైన చప్పుడు వినాలని తాయారు ఎదురుచూడడం అదే మొదలు.

అక్కచెల్లెళ్ళిద్దరూ రిక్షా ఎక్కి కుక్కను కాళ్ళమధ్య పెట్టుకున్నారు. తడిగుడ్డ దాని పొట్టమీద వేసి ఉంచారు. వీధి దాటకముందే ఎండకూ దుమ్ముకూ తాయారు ఛాతీ బిగిసింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, మెడ చాచి కూర్చుంది. లాగుతున్న కాళిముత్తు వెనక్కి చూసి, ఎవరిని ఏ ఆసుపత్రిలో దించాలని అడిగాడు. వాడి మొహంలో నవ్వు లేదు, నిజంగానే అడిగాడు. జవాబు చెప్పడానికి ఆమెకు ఊపిరి లేదు. కనకవల్లి కుక్కను చూసింది, అక్కను చూసింది, మళ్ళీ కుక్కను చూసింది.

"అక్కా, నీకూ ఇట్లానే ఉంటాదా?"

ఆసుపత్రి వరండాలో చాలాసేపు కూర్చున్నాక గానీ తాయారు బదులు చెప్పలేకపోయింది.

"ఇన్నేండ్లుగా గోడ పక్కనే ఉండావు. కుక్కను చూసినాక అడుగుతావా?"

కనకవల్లి లేచి కొళాయి దగ్గరికి పోయింది. కొంగు తడిపి తెచ్చి అక్క మొహం తుడవబోయింది. తాయారు ఆ చేతిని తోసేయలేదు.

డాక్టరు సూది వేసి, కుక్కను తడిగుడ్డలమీద ఫ్యాను కింద పడుకోబెట్టాడు. ఆ జాతికి ముక్కురంధ్రాలు ఇరుకనీ, నోటి వెనక మెత్తటి కండ గాలిదారికి అడ్డంగా వేలాడుతుందనీ, కొవ్వు పెరిగితే, వేడి తగిలితే, మెడ బిగిస్తే ఆ కాస్త దారీ మూసుకుపోతుందనీ చెప్పాడు. ముందే చల్లబరిచి తేకపోతే తనకు చేసే పని ఉండేది కాదన్నాడు. ఇకమీద ఎండలో తిప్పవద్దు, మెడకు ఏమీ కట్టవద్దు, ఒళ్ళు తగ్గించండి, నాలుక నీలపడితే ఆలస్యం చేయవద్దు అన్నాడు. ఇదంతా అయ్యాక భక్తవత్సలం వచ్చాడు. సభలో పంచిన బజ్జీలనూనె అతని పెదవులమీద ఇంకా మెరుస్తున్నది.

ఎండలో తిప్పకూడని, పట్టా వేయకూడని కుక్క అతనికి ఎందుకు పనికివస్తుంది? దాన్ని మైలాపూరు వకీలు కృష్ణస్వామికి కానుకగా ఇచ్చి మంచి చేసుకోవాలనుకున్నాడు. కార్ఖానా స్థలం తగాదా ఆయన చేతిలో ఉంది. ఒక ఆదివారం వకీలు చూడడానికి వచ్చాడు. భక్తవత్సలం రాజసం గురించి మొదలుపెట్టాడు. గురకను గర్జన అన్నాడు. తాయారు మొట్టమొదటిసారి తన గడప దాటి ముందువాటాలోకి వచ్చింది.

"అది గర్జన కాదండీ. దానికి గాలి ఆడదు. మొన్న ఎండలో చచ్చి బతికినాది. ఈయన మీకు చెప్పలేదు గదా?"

వకీలు కాఫీ సగంలో వదిలి లేచాడు. ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆగి భక్తవత్సలం, బయటివాళ్ళ ముందు పరువు తీసినారు అన్నాడు.

"మీ పరువు మొయ్యడానికి ఆ కుక్కే దొరికిందా మీకు?" అని తాయారు వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమెకది హాయిగానే ఉండింది. డ్యూక్‌ను ఎవరూ అడగలేదు. కనకవల్లి దాన్ని తన చేతిలోకి తీసుకుని, మాంసం తగ్గించి, మెడకు బదులు ఛాతీ చుట్టూ గుడ్డపట్టీ కట్టి, ఎండ రాకముందే వీధి మలుపుదాకా తీసుకుపోయి తెచ్చేది. గురక పోలేదు, కానీ కుక్క మళ్ళీ పడుకుని నిద్రపోసాగింది. ఒక్కోరోజు అది వెనకవాటా గుమ్మం ముందుకు వచ్చి నిలబడేది. తాయారు దగ్గరికి పిలిచేది కాదు, తల నిమిరేది కాదు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నదల్లా చెయ్యి ఆపి, ఊపిరి నాలుగైదుసార్లు విని, ఈరోజు బాగుందనో, బయటికి తీయవద్దనో చెల్లెలికి చెప్పి, తలుపు వేసుకునేది.