ఎనిమిదొందల యాభై వాట్లు

ఆ పొద్దున ఆకాశం కురవకుండా, విడవకుండా మబ్బు పట్టి ఉంది. ఉతికిన బట్టలు బయట ఆరేయాలో వద్దో తేలక బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వెనక నుంచి మా ఆయన అన్నారు.

"కొత్త గ్రాఫిక్స్ కార్డు నా కంప్యూటర్లో పెట్టేశాను. నీ దాంట్లో కరెంటందించే పవర్ సప్లై డబ్బా దానికి చాలదు."

ఆ కార్డు నాది. కట్టబోయే ఇళ్ళు లోపల ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మలు గీసి ఇస్తాను. ఇకమీదట బొమ్మలు చాలవు, ఇంట్లో నడిచినట్టు వీడియో కావాలని పనిచ్చే మేడమ్ ఆ కార్డు పంపింది. మొదటి వీడియో రేపటికి అందకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"మరి నా పని?"

"నేను గేములు ఆడుకున్నాక నా దాంట్లో చేసుకో. ఎవరు కాదన్నారు?"

అత్తయ్య అందుకుంది. "వారమంతా ఆఫీసులో అలిసిపోతాడు, సెలవు రోజైనా ఆడుకోనీవమ్మా. నువ్వు ఇంట్లోనేగా ఉండేది!"

ఇంట్లోనే. అందుకే కాబోలు, ఈ ఇంటికి కొత్తదేది వచ్చినా ఆయన బల్ల మీదికి పోతుంది. అక్కడ పాతబడ్డది నా బల్ల మీదికి దిగుతుంది. అక్షరాలు అరిగిన కీబోర్డు, నడిమధ్య గీత పడ్డ తెర, ఓ పక్కకి ఒరిగే కుర్చీ. ఇచ్చిన ప్రతిసారీ "అడక్కముందే ఇచ్చాను చూశావా" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వుకి ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

"సప్లై కొంటాను," అన్నాను.

"నీకేం తెలుసని? పద, నేనూ వస్తా."

కంప్యూటర్ల కొట్టతను నన్ను వదిలేసి ఆయన వైపు చూశాడు. "చెప్పండి సార్."

"ఐదొందల వాట్లది, చవకలో చూపించండి. మా ఆవిడ ఏవో బొమ్మలేసుకుంటుంది, అంతే."

కార్డు డబ్బా మీద ఏడొందల యాభై వాట్లు ఉండాలని రాసి ఉంది. అది నేనే కాదు, ఆయనా చదివారు. ఐదొందలది కొంటే నా దాంట్లో కార్డు నడవదు. కొనిపెట్టానన్న పేరు ఆయనకే, కార్డూ ఆయనకే.

"ఎనిమిదొందల యాభై ఇవ్వండి," అన్నాను.

కొట్టతను మళ్ళీ ఆయన మొహమే చూశాడు.

"కొనేది నేనండీ. ఇటు చూసి మాట్లాడండి."

"అంటే... ఏడొందల యాభై సరిపోతుంది కదా మేడమ్?"

"ఈ కార్డుకి సరిపోతుంది. దీని తర్వాత కొనేదానికో?"

మా ఆయన నవ్వారు. "తర్వాతది కూడానా! గాల్లో మేడలు కట్టకు."

"వాటిని గీసేగా సంపాదిస్తున్నాను!"

కొట్టతను నవ్వు ఆపుకుంటూ లోపలికెళ్ళాడు. చిన్నప్పుడు నాకు గౌను కుట్టించినప్పుడల్లా అమ్మ అంచు లోపలికి మడిపించేది. పిల్ల పొడుగవుతుంది, మడత విప్పుకోవచ్చు అనేది. పెళ్ళయ్యాక నాకెవరూ మడత వదల్లేదు. నేనింక పెరగనని అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. వాళ్ళతో పాటు నేనూ.

ఇంటికొచ్చి ఆయన కంప్యూటర్ మూత విప్పాను.

"అడక్కుండా వాడి దాంట్లో చెయ్యి పెడతావా?" అంది అత్తయ్య.

"నా కార్డు తీసుకోవడానికి ఎవర్ని అడగాలత్తయ్యా?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. కార్డు తీసి నా దాంట్లో పెట్టాను. కొత్త సప్లై బిగించి, తీగలన్నీ కలిపి, స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. మధ్యాహ్నమంతా గదులకి వెలుతురు సరిచూసుకుని, వీడియో తయారవడానికి వదిలేసరికి సాయంత్రమైంది.

"వంట?" గుమ్మంలోంచి అడిగారాయన.

"ఇది పూర్తయ్యేదాకా లేవను. మీకూ సెలవేగా."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళారు. తర్వాత వంటింట్లో గిన్నెల చప్పుడైంది.

వీడియో పంపేసి వెళ్ళి కూర్చున్నాను. ముగ్గురం తిన్నాం. ఆయన వండిన అన్నం పలుకుగా ఉంది. ఖాళీ అయిన కంచం ఆయన వైపు జరిపాను.

ఆయన గరిటె అందుకుని వడ్డించారు.