ఒక్క ‘తమరు’ కోసం

బ్రియాందా అయ్యగారి మెడపట్టీకి గంజి పెట్టి, దాని మడతలు ఒక్కొక్కటే వేళ్ళతో నిలబెడుతోంది. లోపలి గదిలో సానరాయి మీద కత్తి గీస్తున్న చప్పుడు ఆగడం లేదు. పొద్దుటినుంచీ అదే వరస. డెబ్బై ఏళ్ళ మనిషి, చలి తగిలితే గిన్నె పట్టుకోవడానికే చెయ్యి వణుకుతుంది, ఈ సాయంత్రం కత్తి దూస్తాడట!

“పట్టీ ఈ పూటకే కావాలి,” అన్నాడు బెర్ముదో లోపలినుంచి. “బతికినా చచ్చినా శుభ్రంగా ఉండాలి.”

“ముందు తమరు ఆ రొట్టె తినండి. చావడానికైనా ఓపిక కావాలిగా.”

ఆయన నవ్వలేదు. మామూలు రోజైతే నవ్వేవాడే.

గొడవంతా ఒక్క మాట మీద. తోరో పట్టణంలో పిల్లల్నీ ఇంటి పనివాళ్ళనీ నువ్వు అంటారు. కంచరగాడిదలు తోలేవాళ్ళనీ చెప్పులు కుట్టేవాళ్ళనీ మీరు అంటారు. వంశమూ నడుముకు కత్తీ ఉన్నవాణ్ణి తమరు అనాలి. మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద ఉన్ని వర్తకుడు మెల్చోర్, పదిమంది వింటుండగా, “మీ ద్రాక్షతోట ఎలా కాసింది, బెర్ముదో?” అని అడిగాడు. అడిగింది క్షేమమే, కానీ మీ అని అడిగాడు. వాడి తాత ఈ ఇంటి గొర్రెలకు బొచ్చు కత్తిరించి పొట్ట పోసుకున్నవాడు. మళ్ళీ ఎదురుపడిననాడు తమరు అనకపోతే కత్తి దూస్తానని బెర్ముదో అక్కడికక్కడే చెప్పేశాడు. ఆ తర్వాత మెల్చోర్ సంతకు వెళ్ళి నిన్న రాత్రే తిరిగొచ్చాడు. ఇద్దరూ సాయంత్రాలు తిరిగేది ఆ ఒక్క చర్చి ముంగిట్లోనే.

బ్రియాందా పట్టీని ఎండలో పెట్టి, కుండ చంకనెత్తుకుని నీళ్ళకు వెళ్ళింది. పొట్టి మనిషి. మోకాళ్ళు అరిగి పక్కలకు ఊగుతూ నడుస్తుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ ఇంటికొచ్చింది, నలభై రెండేళ్ళయింది. అమ్మగారు పోయారు, ఆవిడ కన్న చంటిబిడ్డ పోయాడు, వంటమనిషి పోయింది. అందరి పనీ ఆమె మీదే పడింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆయన ఎదుట కూర్చోలేదు.

నీళ్ళ దగ్గర పొరుగింటి పనిమనిషి ఉర్రాకా కాచుక్కూర్చుంది. “మీ ముసలాయన వీలునామా రాశాడా?”

“రాశాడు. నీ నాలుక రెండు బెత్తెలు కత్తిరించమని రాశాడు.”

ఉర్రాకా నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. “వేళాకోళం కాదే. ఆ మెల్చోర్ ఏడాదిగా గురువును పెట్టుకుని కత్తిసాము నేర్చుకుంటున్నాడు. మీ ముసలాయన్ని కోడిపిల్లను కోసినట్టు కోస్తాడు.”

కుండ నిండకుండానే బ్రియాందా వెనక్కి తిరిగింది. ఇంటికి కాదు, మెల్చోర్ వాకిట్లోకి.

మెల్చోర్ ఉన్ని మూటల మధ్య నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, దుక్కలా ఉన్నాడు. ఆమె ఏనాడూ అతన్ని మీరు తప్ప ఇంకో మాట అనలేదు. ఇప్పుడు తల వంచింది.

“తమరితో ఒక మాట చెప్పుకుందామని వచ్చాను.”

అతను చెవుల్ని నమ్మనట్టు చూశాడు. “ఇంకోసారి అను.”

“తమరు అన్నాను. మళ్ళీ మళ్ళీ అంటాను. తమరు కూడా ఆయన్ని ఆ ఒక్క మాటా అనండి. పెద్దాయన, ఇంకెన్నాళ్ళుంటాడు.”

“అంటాను. నాకేం ఒరుగుతుంది?”

“నా దగ్గరేముంది బాబూ, ఈ రెండు చేతులు తప్ప.”

మెల్చోర్ ఆమెను ఎగాదిగా చూశాడు. “మా ఆవిడకి నలుగురొస్తే ఎవరికి ఏ కుర్చీ వెయ్యాలో తెలియదు, ఎవర్ని గుమ్మం దాకా సాగనంపాలో తెలియదు. ఊరు నవ్వుతోంది. నువ్వు మా ఇంట్లో పనికి రా. ఈ రాత్రే రా. ఆ ఇంటి మనిషి మా వాకిట్లో నిలబడితే నవ్వే నోళ్ళు మూతపడతాయి.”

ఆమె మూటల అంచు పట్టుకుంది.

“ఈ బేరం సంగతి ఆయనకు తెలియకూడదు,” అంది చివరికి. “తెలిస్తే ఆ మాట చెల్లని కాసు.”

“సరే. కానీ టోపీ మటుకు ముందు నేను తీయను, తీస్తే నేనే తగ్గినట్టవుతుంది.”

“ఎవరూ ముందు తీయనక్కర్లేదు. ప్రార్థన గంట వేళకి సరిగ్గా మెట్ల దగ్గరికి రండి.”

సాయంత్రపు గంట మోగితే ప్రభువైనా బిచ్చగాడైనా నిలబడి టోపీ తీయాల్సిందే. బ్రియాందా ఇంట్లో పట్టీ కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, ఎండ గోడ దిగిందాకా ఆయన్ని ఆపింది. తర్వాత మూడడుగులు వెనకగా నడిచింది. ముంగిలంతా జనం, అందరూ ఏవో పనులున్నట్టు నటిస్తున్నారు.

ఎదురుగా మెల్చోర్ వస్తున్నాడు. ఇరవై అడుగులు. పది. గంట మోగలేదు. గంట కొట్టేవాడు ఎక్కడ తాగి పడున్నాడో! బెర్ముదో చెయ్యి కత్తిపిడి మీదికి వెళ్ళింది. మెల్చోర్ చెయ్యి కూడా.

“అయ్యా, తమరి పట్టీ ఊడింది,” అని బ్రియాందా ఆయనకు అడ్డంగా వెళ్ళి మెడ దగ్గర పట్టీ పట్టుకుంది. చర్చి ముంగిట్లో, అందరి ఎదుట. పట్టీ ఊడనే లేదు.

“తప్పుకో,” అన్నాడాయన పళ్ళ మధ్యనుంచి.

ఆమె తప్పుకోలేదు. ఉన్న ముడినే విప్పి మళ్ళీ వేసింది. అప్పుడు మోగింది గంట. ముంగిట్లో టోపీలన్నీ ఒక్కసారిగా దిగాయి, వాళ్ళిద్దరివీ దిగాయి. గంట ఆగాక మెల్చోర్ ఒక్కసారి బ్రియాందా వంక చూసి, గట్టిగా, అందరికీ వినపడేట్టు అన్నాడు.

“దేవుడు తమర్ని చల్లగా చూడాలి, బెర్ముదోగారూ.”

ఇంటికొచ్చేదాకా ముసలాయన కాళ్ళు నేల మీద లేవు. “విన్నావా? తమరు అన్నాడు. టోపీ కూడా వాడే ముందు తీశాడు, చూశావా?”

“చూశాను. వాడే ముందు తీశాడు.”

ఆయన కుర్చీలో కూర్చుని కత్తి విప్పి పక్కన పెట్టాడు. ఆమె వంటగదిలో పని ముగించుకుని, బట్టల మూటతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

“సెలవు తీసుకుంటాను. మెల్చోర్ ఇంట్లో కుదిరాను.”

ఆయన మూట వంక చూశాడు. “వాళ్ళ రొట్టె తెల్లగా ఉంటుందనా?”

ఆమె మూటను ఇంకో చేతికి మార్చుకుంది.

“అవును,” అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. గాడిదలవాడితో మాట్లాడేటప్పుడు చూసినట్టు ఆమె తల మీదుగా చూశాడు.

“మీరు వెళ్ళవచ్చు.”

నలభై రెండేళ్ళలో ఆయన ఆమెను నువ్వు తప్ప ఇంకోలా పిలవలేదు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆమె మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టి వీధిలోకి వెళ్ళిపోయింది.

ఆయన తలుపు వేసుకున్నాడు. తర్వాత ఆకలేసి, ఎన్నడూ అడుగు పెట్టని వంటగదిలోకి తడుముకుంటూ వెళ్ళాడు. పొయ్యి మీద సెనగల కుండ ఇంకా వేడిగా ఉంది, పిల్లి మూతి పెట్టకుండా మూత మీద ఒక గుండ్రాయి పెట్టి ఉంది.