నడిమి నకళ్లు

కోరుట్లలో బండి మీదినుంచి పడ్డ నా బిడ్డ ప్రేమలతను అక్కడి స్కానింగ్ సెంటర్‌లో బల్ల మీద పడుకోబెట్టారు. తలలో రక్తం చేరిందట. కరీంనగర్‌లోనే ఆపరేషన్ చేయించాలా, హైదరాబాద్ దాకా ఆగుతుందా అన్నది స్కాన్ బొమ్మలన్నీ చూస్తేగాని చెప్పలేనని హైదరాబాద్ డాక్టర్ ఫోన్‌లో అన్నాడు. మూడింటికి ఆయన ఇంకో ఆపరేషన్‌లోకి పోతాడు. అప్పటికే రెండుంబావు.

బొమ్మలు పోవడం లేదు. సగం దాకా పోయి కంప్యూటర్ బిగుసుకుపోతోంది. మూడుసార్లు అలాగే అయింది.

"ఫోన్ల ఫొటో దీసి పంపరాదు బిడ్డా?" అన్నాను కంప్యూటర్ ముందున్న సెంటర్ పిల్ల అఖిలతో.

"పంపిన పెద్దమ్మ. గవి పనికి రావన్నడు."

సెంటర్ యజమాని గంగాప్రసాద్ వెనకనుంచి, "నెట్ వాళ్లకు ఫోన్ గొట్టు" అన్నాడు.

"నెట్ మంచిగనే ఉన్నది సార్. మన మిషినే ముసల్ది. డిస్కుల ఉన్న ఫైల్‌ను సిస్టమ్ ఒకపారి మెమొరీలకు దెస్తది. నేను రాసిన ప్రోగ్రాం ఇంకో నకలు దీసుకుంటది. పంపేటప్పుడు సిస్టమ్ మల్లొకటి దీస్తది. ఒక్క ఫైలే మూడు జాగలల్ల. మెమొరీ నిండి ఆగిపోతంది."

ఆ మాట నాకు అర్థమైంది. సిరిసిల్లలో పద్దెనిమిదేళ్లు మగ్గం నాడెలో పెట్టే కండెలు చుట్టాను. కోను మీది దారాన్ని ముందు ఇంకో కోనుకు చుట్టి, ఆ తర్వాత కండెకు చుట్టమంటే ఎవరూ ఒప్పుకోరు.

"నడుమ చుట్టుడెందుకు? నేరుగ పోనియ్యరాదా?"

అఖిల నా వైపు కాదు, గంగాప్రసాద్ వైపు చూసింది.

"పోనియ్యచ్చు. నా ప్రోగ్రాంల పడకుంట, సిస్టమే నేరుగ నెట్‌కు ఇస్తది. కని ప్రతి బొమ్మ మీద సెంటర్ పేరు కొట్టమన్నరు గద సార్. పేరు కొట్టాలంటె ఫైల్‌ను ముట్టాలె."

"పేరు లేకపోతె ఎవలు దీసిండ్రో గా పెద్ద డాక్టర్‌కు ఎట్ల ఎర్కైతది?"

"నీ పేరు నా బిడ్డ నెత్తి మీదనే కొట్టాల్నా సారూ?" అన్నాను.

గంగాప్రసాద్ తల దించుకున్నాడు. "తీసెయ్" అన్నాడు మెల్లగా.

అఖిల ఏవో వరుసలు చెరిపి, ఒక వరుస రాసింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత మళ్లీ మొదటినుంచి బయల్దేరింది. సగం దాటింది. ఆగలేదు. రెండూ యాభైమూడుకు చివరికి చేరింది.

డాక్టర్ ఫోన్ చేశాడు.

"హైదరాబాద్ దాకా ఆగదమ్మా. కరీంనగర్ తీసుకుపొండి, అక్కడి డాక్టర్‌తో నేను మాట్లాడతాను. ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర సారూ."

"వెంటనే బయల్దేరండి."

అంబులెన్స్‌లో ప్రేమలత చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. జగిత్యాల దాటాక వేళ్లు ఒకసారి కదిలాయి. ఆ తర్వాత కదల్లేదు. ఇంకెంత దూరమని డ్రైవర్‌ను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.